నేను వేయని చీటీ

3, సోమవారం

పొద్దున్నే ఓనరు పిలిచాడు. బయట ఓనరుగారు. ఇక్కడ గారు పెట్టను, నా డైరీ, నా ఇష్టం. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి ఇవాళ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ మర్యాద చూసేసరికే ఏదో చెడు కబురని అర్థమైంది.

మా దగ్గర యూనిఫారాలు కుట్టించుకునే రెండు హోటళ్ళూ ఆర్డర్లు రద్దు చేసుకున్నాయట. గదుల్లో దిగేవాళ్ళే లేక, ఉన్న పనివాళ్ళనే ఇళ్ళకి పంపేస్తున్నారు. ఇంక కొత్త చొక్కాలు ఎవరికి తొడుగుతారు? మాంద్యం, మాంద్యం అని టీవీలో ఎన్నాళ్ళుగానో వింటున్నాను. ఇవాళ అది మా మెట్లెక్కి పైకొచ్చింది.

"నెలాఖరుకల్లా జీతాల బిల్లు నాలుగో వంతు తగ్గాలమ్మా. నలభై మందిలో పదిమందిని తీసేద్దాం. చివర చేరినవాళ్ళు ముందు. లిస్టు నువ్వే రాసి తీసుకురా. అందరూ నీకు తెలిసినవాళ్ళే కదా!"

తెలిసినవాళ్ళే. అదే కదా నా ఖర్మ. జీతాలు చూసేది నేనే కాబట్టి ఎవరు ఎప్పుడు చేరారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చివరి నుంచి మూడో మనిషి కాజాల మిషన్ మీద కూర్చునే మా చెల్లి.

సరే సర్ అనలేదు. కుదరదు సర్ అని కూడా అనలేదు. లేచి వచ్చేశాను.

4, మంగళవారం

లిస్టు రాయలేదు.

5, బుధవారం

రాయలేదు. రాయను కూడా. ఇది చెల్లి కోసం కాదు. పదిమంది పదిళ్ళకి ఏ మొహం పెట్టుకుని వెళ్తారు అన్నదే నా బాధ.

6, గురువారం

బస్సులో వస్తుంటే మా బిల్డింగు నీళ్ళ మోటారు గుర్తొచ్చింది. అది కాలిపోయినప్పుడు ఇంటికింత అని వసూలు చేయబోతే జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనైంది. చివరికి కింది వాటా టీచరుగారు ఒక డబ్బా పెట్టి, ఎవరికి కుదిరినంత వాళ్ళు కవర్లో పెట్టి వేయండి అన్నారు. నోరెత్తిన పాపాన ఎవరూ పోలేదు. మోటారు వచ్చింది.

జీతాలకి మాత్రం అలా ఎందుకు చేయకూడదు? మంచిరోజులు వచ్చేదాకా నెలనెలా తన జీతంలో ఎంత వదులుకోగలరో ప్రతి మనిషీ ఒక చీటీ మీద రాసి, టోకెన్ నంబరు వేసి, సంతకం చేసి డబ్బాలో వేయాలి. విప్పేది నేనొక్కదాన్నే. మొత్తం కలిపి నాలుగో వంతు వచ్చిందంటే ఎవరినీ తీయక్కర్లేదు.

తిన్నగా ఓనరు గదిలోకి వెళ్ళాను. వింటూనే పడీపడీ నవ్వాడు.

"ఎవరి జీతం వాళ్ళే కోసుకుంటారా? ఏ లోకంలో ఉన్నావమ్మా నువ్వు?"

"అడిగి చూద్దాం సర్. రాకపోతే లిస్టు ఎలాగూ ఉంది కదా."

ఒప్పుకున్నాడు. ఈ బుర్ర ఇన్నాళ్ళూ జీతాల కాగితాల్లో కూరుకుపోయింది గానీ, లేకపోతే నేనెక్కడో ఉండేదాన్ని.

8, శనివారం

మధ్యాహ్నం అందరినీ ఇస్త్రీ హాల్లో పోగుచేశాను. నేనన్న మాటలు ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే బాగా మాట్లాడాను.

"అంతా మీ చేతుల్లోనే ఉంది. నాలుగో వంతు వచ్చిందా, ఒక్కరు కూడా పోనక్కర్లేదు. రాలేదా, పదిమంది పేర్లు నేను రాయక తప్పదు. ఎవరెంత రాశారో నేను తప్ప ఇంకో పురుగు కూడా చూడదు."

  అప్పుడు కటింగ్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. మా దగ్గర అందరికన్నా పాతకాపు, అందరికన్నా పెద్ద జీతం. ఆయన కత్తెర పట్టకపోతే మిగతా మిషన్లన్నీ ఖాళీయే.

"ఓనరుగారి చీటీ కూడా ఈ డబ్బాలో పడుతుందా, లెక్కలక్కా?"

అందరూ నవ్వారు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, నన్ను అక్కా అంటాడు. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

"అడుగుతాను మాస్టారూ."

"అడుగమ్మా, అడుగు. అడక్కపోతే ఈ తతంగమంతా మీ చెల్లెమ్మ కోసమే అనుకుంటాం."

అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు నలభైమందీ ఒకటే అని గట్టిగానే చెప్పాను. చెల్లి తలెత్తలేదు, చేతిగుడ్డకి అంటుకున్న దారప్పోగులు ఏరుకుంటూ కూర్చుంది.

ఇది చెల్లి కోసం కాదు.

10, సోమవారం

ఓనరుని చీటీ అడిగాను. నీళ్ళు నమిలాడు.

"నాకు జీతమెక్కడిదమ్మా? నేను జీతాలిచ్చేవాణ్ణి గానీ..."

ఆయన ఇంటి అద్దె, కారు వాయిదా, ఆఫీసు ఖర్చుల కింద నెలనెలా పంపేది ఎవరు మరి? నేనే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. "చూద్దాంలే" అన్నాడు. ముందు డబ్బా నిండనీ, ఓనరు సంగతి తరవాత చూడొచ్చు.

12, బుధవారం

బొత్తాల డబ్బా ఖాళీ చేసి, మూతకి గంటు పెట్టించి ఇస్త్రీ బల్ల మీద ఉంచాను. సాయంత్రానికల్లా చీటీలన్నీ పడ్డాయి.

ఇంటికొచ్చి మా ఆయనకి వివరంగా చెప్పాను. బాగుందన్నారు. మెచ్చుకుని ఊరుకుంటే ఏం పోయింది? "ఇంతకీ నువ్వెంత రాశావు?" అన్నారు. ఈయనకి ప్రతిదీ కావాలి. పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్ళాను.

13, గురువారం

వచ్చింది! నాలుగో వంతు కాదు, మూడో వంతు కూడా దాటింది!

భోజనాల వేళ స్టోరు గదిలో తలుపేసుకుని దారపు కోన్‌ల మధ్య కూర్చుని విప్పాను. తప్పు కలిపానేమోనని మళ్ళీ కలిపాను. ఇస్త్రీ పెద్దమ్మ, వెన్ను వంగిపోయిన మనిషి, సగం జీతం రాసేసింది. కాలర్లు కుట్టే పిల్ల కూడా దాదాపు అంతే. మా చెల్లి సగానికి పైన! నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క పరువు నిలబెట్టింది నా తల్లి. మాస్టారు మాత్రం గీత గీసినట్టు నాలుగో వంతే రాశాడు, ఒక్క పైసా ఎక్కువ లేదు. అంత జీతం తీసుకునే మనిషికి ఆ మాత్రం మనసు లేకపోయింది.

ఆగలేకపోయాను. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఓనరు బల్ల ముందు నిలబడి మొత్తం అంకె చెప్పేశాను. ఆయన మొహం చూడాలి! నవ్విన నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఇవాళ నేను నేల మీద నడవలేదు.

14, శుక్రవారం

ఓనరు పిలిచి టీ తెప్పించాడు.

"ఆ మూడో వంతూ అలాగే ఉంచెయ్యమ్మా. ఈ నెల నుంచే కోసెయ్."

"కావలసింది నాలుగో వంతు కదా సర్?"

"వాళ్ళే సంతోషంగా ఇస్తుంటే మనం వద్దనడం దేనికి? ఇంత వదులుకోగలిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ మనమే ఎక్కువ ఇచ్చామేమో!"

టీ సగంలో వదిలేశాను. నిన్న ఆ అంకె మొత్తం చెప్పమని నన్నెవరడిగారు? నాలుగో వంతు వచ్చింది సర్ అని చెప్పి ఊరుకోవచ్చు కదా? నోరు జారలేదు, గొప్ప కోసం చెప్పాను. ఇప్పుడు ఆ గొప్పంతా ఇస్త్రీ పెద్దమ్మ జీతంలోంచి పోతోంది.

16, ఆదివారం

చెల్లి ఇంటికి వెళ్ళాను. చెప్పకుండానే వెళ్ళాను, అక్కని కదా.

వంటగది మూలలో ఫ్రిజ్ లేదు. అది ఉన్నచోట నేల మిగతా గచ్చుకన్నా తెల్లగా ఉంది. రిపేరుకిచ్చామంది. మరిది నా మొహం చూడకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు చెప్పింది, ఫ్రిజ్ అమ్మేశారట. అతని ఉద్యోగం పోయి రెండు నెలలు దాటిందట. నాకు తెలియనివ్వలేదు.

ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఇంట్లో ఇలా పెట్టుకుని సగానికి పైన ఎలా రాశావే? ఎవరడిగారు నిన్ను?"

"నువ్వే అడిగావు."

"కుదిరినంత రాయమన్నాను!"

"కుదిరినంత రాస్తే నేను సున్నా రాయాలక్కా. సున్నా రాసినదాని పేరు లిస్టులో ముందుండదా? చీటీ విప్పేదీ నువ్వే, లిస్టు రాసేదీ నువ్వే."

"పిచ్చిదానా, నీ పేరు నేను రాస్తానా?"

"ముందు నాదే రాస్తావు. చెల్లెల్ని వెనకేసుకొచ్చిందని ఎవరైనా అంటారేమోనని, అందరికన్నా ముందు నా పేరే రాస్తావు. నువ్వు నాకు తెలియదా?"

నిజమే. ఆ మొదటి సోమవారం ఓనరు లిస్టు అనగానే మనసులో మొదట రాసుకున్న పేరు దానిదే. ఆ సంగతి ఇక్కడ కూడా రాసుకోలేదు.

గడప దాటుతుంటే అడిగింది. "ఇంతకీ నీ చీటీలో ఎంత రాశావక్కా?"

బస్సొస్తోందని వచ్చేశాను. బస్సేమీ రావడం లేదు.

17, సోమవారం

వేయలేదు. నా చీటీ నేను వేయలేదు. ఎగ్గొడదామని కాదు, నిజంగా ఆ ధ్యాసే లేదు. నేను లెక్కపెట్టేదాన్ని కదా, డబ్బాకి ఇవతల ఉన్నాను. ఆ మొత్తం డబ్బాలో చీటీ లేనివాళ్ళం ఇద్దరమే, ఓనరూ నేనూ. వాళ్ళందరి ముందూ నలభైమందీ ఒకటే అన్న పెద్దమనిషిని. ఛీ.

ఇస్త్రీ పెద్దమ్మని పక్కకి పిలిచి సగం ఎందుకు రాశావని అడిగాను. "నా వయసు చూస్తే ముందు నన్నే తీస్తారు కదా తల్లీ. సగం జీతానికైతే చవగ్గా పడి ఉంటుందిలే అని ఉంచుకుంటారేమోనని." కాలర్ల పిల్ల కూడా చీటీ రాసేముందు పక్క మిషన్ వాళ్ళు ఎంత రాస్తున్నారో కనుక్కుని, దానికి ఇంకాస్త కలిపిందట. మంచి మనసుతో ఇచ్చారనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను నేను. భయంతో ఇచ్చారు. ఆ భయాన్ని ఇస్త్రీ హాల్లో నిలబడి నా నోటితో నేనే పెట్టాను, పైగా బాగా మాట్లాడానని రాసుకున్నాను.

సరే. ఏడ్చుకుంటూ కూర్చుంటే జీతాల రోజు ఆగదు. ఈ పని నేను పాడుచేశాను, నేనే బాగుచేస్తాను.

18, మంగళవారం

బొత్తాల డబ్బా పట్టుకుని మిషన్ మిషన్‌కీ తిరిగాను. ఎవరి చీటీ వాళ్ళ చేతిలో పెట్టేశాను. అందరికీ వినబడేలా చెప్పాను. "ఇవి చెల్లవు. మిమ్మల్ని భయపెట్టి రాయించుకున్నాను. మీరు రాసింది కావలసినదానికన్నా ఎక్కువైంది, ఆ సంగతి ఓనరుగారికి కూడా నేనే ఊదేశాను. తప్పు నాదే. చీటీలు చింపేయండి."

మాస్టారు తన చీటీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పటికి వెలిగిందా లెక్కలక్కా? నన్ను తీసేసే దమ్ము ఎవరికీ లేదని నాకు తెలుసు, అందుకే అడిగినంతే రాశాను. వీళ్ళకి ఆ ధీమా ఎక్కడిది?"

మొన్న ఆయన మనసు గురించి రాసిన వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను, ఉండనీ. నాకు బుద్ధొస్తుంది.

19, బుధవారం

ఓనరు ఒంటికాలి మీద లేచాడు.

"సంతకాలు పెట్టిన కాగితాలు తిరిగిచ్చేశావా? ఎవర్నడిగి ఇచ్చావు?"

"వాళ్ళవి వాళ్ళకిచ్చాను సర్. సంతకం లేకుండా ఎవరి జీతంలోనూ పైసా కోయడం కుదరదు."

"అయితే లిస్టు రాయి! ఈ క్షణమే రాయి!"

"రాస్తాను. చేర్చుకున్నప్పుడు మనం రాసిచ్చిన కాగితం ప్రకారం, తీసేసే ప్రతి మనిషికీ మూడు నెలల జీతం ముందు చేతిలో పెట్టాలి. పదిమందికి ఎంతవుతుందో వేసి తెచ్చాను, చూడండి. బ్యాంకులో ఎంతుందో కూడా కింద రాశాను."

చూశాడు. మొహం మాడిపోయింది. ఆ రెండంకెలూ పక్కపక్కన ఎవరూ చూపించినట్టు లేదు ఆయనకి.

"ముందు నిన్ను తీసేస్తాను!"

"తీసేయండి సర్. నాకూ మూడు నెలలదివ్వాలి. కావాలంటే ఆ లెక్క కూడా నేనే వేసిస్తాను."

 వచ్చేముందు నాకేం కావాలో చెప్పేశాను. ఒకటి, ఎంత వచ్చినా, ఎంత రాకపోయినా ఎవర్నీ తీయమని ఆయన సంతకం. రెండు, ఆయన చీటీ. అందరికన్నా ముందు, అందరి ఎదుటా.

20, గురువారం

పిలవలేదు.

21, శుక్రవారం

పిలవలేదు. ఇంట్లో మా ఆయనకి మొత్తం చెప్పాను, చీటీ వేయని సంగతితో సహా.  అంతా విని, "నీ ఉద్యోగం పోతే మనిద్దరం నా ఒక్క జీతం మీద ఎలా బతకాలో చూద్దామా?" అని కాగితం తీశారు. ఇద్దరం కూర్చుని చూశాం. బతకొచ్చు. సరదాలు ఉండవు, అంతే. ఈ మనిషి మీద నేను రోజూ విసుక్కుంటాను.

22, శనివారం

వెనక్కి తగ్గను. ఇంత దూరం వచ్చాక ఇంకేం తగ్గడం!

24, సోమవారం

పిలిచాడు. మనిషి బాగా నలిగిపోయాడు, నిద్ర లేనట్టుంది. కుర్చీ చూపించలేదు, ఆయనే లేచి నిలబడ్డాడు.

"ఇల్లు చిన్నదానిలోకి మారుతున్నాం" అన్నాడు కిటికీ వైపు చూస్తూ. "మా నాన్న పెట్టిన షాపమ్మా ఇది. నా చేతిలో మూతపడిందంటారేమోనని నాకు భయం. అందుకే పదిమందిని తోసేసి మిగతాది కాపాడుకుందామనుకున్నాను."

ఓనరుకీ భయమే. ఈ మొత్తం బిల్డింగులో భయం లేనిది మాస్టారు ఒక్కడికే అన్నమాట. జాలేసింది, కాదనను. జాలి వేసిందని వదల్లేదు. కాగితం ముందుకు జరిపాను, సంతకం చేశాడు. మూడు నెలలకోసారి మళ్ళీ కూర్చుని చూడాలని, ఆర్డర్లు పెరగ్గానే ముందు చిన్న జీతాలు తిరిగి పెంచాలని కూడా రాయించాను. శనివారాలు సెలవు. జీతం తగ్గినవాళ్ళకి కనీసం ఆ ఒక్కరోజైనా మిగలాలి.

26, బుధవారం

ఇస్త్రీ బల్ల మీద ఈసారి డబ్బా లేదు. తెల్ల కాగితాలు, నా పెన్ను. ఓనరు వచ్చి అందరి ముందూ ఇంటి అద్దె, కారు వాయిదా రెండూ కంపెనీ నుంచి తీసుకోనని రాశాడు. ఎవరూ నవ్వలేదు. తరవాత నేను. జీతంలో సగం. రాసి, వెనకవాళ్ళకి కూడా కనబడేలా ఎత్తి చూపించాను.

మాస్టారూ నేనూ తప్ప ఎవరూ నాలుగో వంతుకి మించి రాయకూడదని ముందే చెప్పాను. సున్నా కూడా అంకేనని చెప్పాను. ఇస్త్రీ పెద్దమ్మ మూడుసార్లు నా మొహంలోకి చూసి, చాలా చిన్న అంకె రాసింది. కాలర్ల పిల్ల పక్కవాళ్ళని అడగలేదు. ఒక్కొక్కరే వస్తుంటే నేను కలుపుకుంటూ పోయాను. చివరికి చెల్లి ఒక్కతే మిగిలింది, కావలసినదానికి కొంచెం తక్కువలో లెక్క ఆగింది. ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. అది నాలుగో వంతు రాస్తే సరిపోతుంది.

చెల్లి లేచి వచ్చింది. హాలంతా దాని చేతి వైపే చూస్తోంది. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏమంటానో నాకే తెలియదు, పాపిష్టి నోరు.

పెన్ను తీసుకుని సున్నా రాసింది. గుండ్రంగా, పెద్దగా, తొందరేమీ లేకుండా రాసింది. కింద సంతకం చేసింది. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది, చిన్నప్పుడు నేను కొడతానని తెలిసి కూడా నా గాజులు వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడేది, అచ్చం ఆ చూపే.

"మావారికి ఉద్యోగం పోయింది" అంది అందరికీ వినబడేలా. "దొరకగానే మళ్ళీ రాస్తాను."

 మాస్టారు చెయ్యి చాపాడు.

"నా చీటీ ఇలా పడెయ్ లెక్కలక్కా. తక్కువైంది ఎంత?"

29, శనివారం

జీతాలు వేశాను. చెల్లికి పూర్తి జీతం.

కాజాల మిషన్ చప్పుడు పైదాకా వినిపిస్తోంది. స్కూలు చొక్కాల చిన్న ఆర్డరు ఒకటి వచ్చింది, అందుకని ఇవాళ ఒక్కరోజుకీ శనివారం సెలవు లేదు. నా జీతం కాగితం కూడా తీసి చూసుకున్నాను. బాధేసింది, అబద్ధమెందుకు?

ఇది చెల్లి కోసమే చేశాను. మిగతావాళ్ళకి కూడా పనికొచ్చింది, అంతే.